పెరట్ల పందికొక్కులకు ఏ ఎయిర్‌గన్ మంచిది? బడ్జెట్ 12 వేలు (మిర్యాలగూడ దిక్కు)

ఎడమకాల్వ
పెరడు పొడుగు 18 మీటర్లు, వెడల్పు 12. ఒక మూలకు గడ్డివాము, దాని పక్కన కోళ్ల గూడు, ఎదురుగ రేకుల షెడ్డుల వడ్ల బస్తాలు. తూర్పుకు ఐదడుగుల ఇటుక గోడ, పడమరకు ముళ్లకంచె, దానవతల పక్కోళ్ల వాకిలి. ఇంటి ముందట సగం దాక తాండూరు బండలు పరిచి ఉన్నయి. బొక్కలు పెద్దగ ఉన్నయి, మూతి కాడ కొత్త మట్టి కుప్ప పోసి ఉంటది, అంటే పందికొక్కులే. బోనుల రెండు పడ్డయి, మిగిలినయి ఇప్పుడు దాని దిక్కు కూడ చూస్తలేవు. కుక్క, కోళ్లు తిరుగుతయి కాబట్టి మందు పెట్టలేము.

ఎయిర్‌గన్ కొందామని ఉంది. గొట్టం కొలత (అంగుళాలల్ల) .177 నా, .22 నా? స్ప్రింగుదా, గ్యాసుదా? స్కోపు అవసరమా? కోతులు, కాకులు గూడ ఒకటే సతాయిస్తున్నయి, వాటికి గూడ పనికొస్తదా?

రూల్‌బుక్
తుపాకీ కన్నా ముందు కాగితం సంగతి తేల్చుకుందాం అన్నా.

ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్సు లేకుండా కొనే ఎయిర్‌గన్‌కు రెండు హద్దులున్నాయి. గొట్టం కొలత 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 దాటకూడదు. మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకూడదు. రెండింట్లో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి. కాబట్టి .22 ప్రశ్న ఇక్కడితో ముగిసింది. యూట్యూబులో అమెరికా వాళ్లు .22 గొప్ప అని చెప్తే అది వాళ్ల చట్టం, వాళ్ల ఊరు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు నకలు ఇచ్చి, మీ పేరు మీద బిల్లు తీసుకోండి. బిల్లు మీద బోరు (గొట్టం) కొలత రాసి ఉండాలి. బిల్లు లేని సెకండ్‌హ్యాండ్ ముక్క సగం ధరకు వచ్చినా వద్దు.

ఇక జంతువులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ఐదో షెడ్యూలు అని ఒకటి ఉండేది, అంటే పీడ జంతువుల జాబితా. కాకి, పండ్లు తినే గబ్బిలం, ఎలుకలు అందులో ఉండేవి. 2022 సవరణతో ఆ షెడ్యూలే ఎత్తేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. "కాకిని కొడితే ఏం కాదు" అనే పాత మాట పట్టుకుని తుపాకీ ఎత్తొద్దు. పిట్టలు, ఉడతలు, ముంగిసలు, ఉడుములు, నెమళ్లు, పాములు ఏవీ వద్దు. కోతిని కొట్టినా, పక్కింటి కుక్కని కొట్టినా జంతు హింస నిరోధక చట్టం 1960 ఉంది, పైన భారతీయ న్యాయ సంహిత 325 ఉంది. కంచె అవతల వాకిట్లో మనిషికి ప్రమాదం తెస్తే 125. మీ తుపాకీకి పని పందికొక్కు, ఎలుక. అంతే.

పల్లిచేను
కోతుల గురించి ఒక్క మాట కలుపుత. ఛర్రా (పెల్లెట్) తగిలిన కోతి పారిపోదు, పుండు పడి అదే ఊళ్లె తిరుగుతది, మనిషి మీదికొస్తది. మంద ఆగదు. కోతికి తిండి కనబడకుండ చేసుడే మందు, తుపాకి కాదు. ఈ చర్చ పందికొక్కుల మీదనే నడుపుదాం.

స్ప్రింగువాషర్
తమ్మీ, నీ కొలతలు బాగ ఇచ్చినవ్. 18 మీటర్ల పెరట్ల నువ్వు కొట్టేది 8 నుంచి 15 మీటర్ల దూరం. దానికి ఏం కావాలె అన్నది చూద్దాం.

ఎయిర్‌గన్‌లు నాలుగు రకాలు దొరుకుతయి.

గ్యాసు బుడ్డి పిస్తోళ్లు: 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న బుడ్డి వేస్తరు. శక్తి చాన తక్కువ, పందికొక్కు గాయపడుతది గాని చావది. పైగ ఎక్కువ శాతం ఇనుప గోళీలు కొడుతయి. ఇనుప గోళీ బండకు తగిలితే మంచి జోరుతో ఎనుకకొస్తది. మన నల్గొండ ఎండలల్ల బుడ్డిల ఒత్తిడి కూడ స్థిరంగ ఉండది. దీన్ని పక్కకు పెట్టు.

పీసీపీ: సిలిండరుల ముందుగాలనే గాలి నింపుకునేది. కుదుపు ఉండది, గురి అద్భుతం. కాని తుపాకి ఒక ఖర్చు, 200 బార్ ఒత్తిడి దాక ఎక్కించే చేతి పంపు ఇంకో ఖర్చు. నీ బడ్జెట్‌కు అందది.

మిగిలినయి రెండు. బ్యారెల్‌ను (గొట్టాన్ని) నడుమ కాడ విరిచి ఎక్కించే స్ప్రింగు తుపాకి, అదే ఆకారంల స్ప్రింగు బదులు మూసిన గ్యాసు సిలిండరు ఉన్న తుపాకి. దాన్ని గ్యాస్ ర్యామ్ అంటరు, కొందరు నైట్రో పిస్టన్ అంటరు. నీకు ఈ రెండింట్ల ఒకటి.

స్ప్రింగుది: చవక, స్ప్రింగు పోతే మార్చుకోవచ్చు, ఎక్కించుడు మొదట్ల సులువు, చివరికి బిగుసుకుంటది. ఎక్కించి గంటలు గంటలు పెడితే స్ప్రింగు కుంగి జోరు తగ్గుతది. పందికొక్కు కోసం కాపు కాసేటప్పుడు ఇది యాది పెట్టుకోవాలె.
గ్యాసుది: ఎక్కించి కొంచెంసేపు కూసున్నా నష్టం లేదు, కొట్టినంక టంగుమని స్ప్రింగు మోత ఉండది. ఎక్కించుడు మొదటి నుంచి చివరి దాక ఒకే బరువు. సీల్ లీకైతే మాత్రం ఇంట్ల బాగుచేసుడు కాదు, మొత్తం సిలిండరు మార్చాలె.

మన దేశంలనే చేసేటియి చానా ఉన్నయి. ప్రెసిహోల్, ఎస్‌డీబీ పేర్లు నీ ధరల కనబడుతయి. నా మాట ఏందంటే, పేరు కన్నా ముందు చేతికి తీసుకొని చూసి కొను. ఆన్‌లైన్ కన్నా దుకాణంకు పోయి కొనుడు మేలు. 12 వేలల్ల మూడింట రెండొంతులు తుపాకికి, మిగిలింది పెల్లెట్లు, కంటద్దాలు, స్కోపుకు.

ఎడమకాల్వ
చట్టం సంగతి సమజైంది రూల్‌బుక్ గారు, కాకులు కోతులు కాన్సల్. స్ప్రింగువాషర్ అన్నా, చేతికి తీసుకొని చూసుడంటే ఏమేం చూడాలె? ఒక దుకాణంల "వెయ్యి ఎఫ్‌పీఎస్ (సెకనుకు వెయ్యి అడుగుల వేగం) వస్తది, ఇదే తీస్కో" అంటున్నరు.

స్ప్రింగువాషర్
చూడవలసినయి చెప్త, ఆ వెయ్యి సంగతి లెక్కలాయన చెప్తడు.

ముందుగాల బ్యారెల్ మూసి, పక్కలకు ఊపి చూడు. విరిచే కీలు కాడ ఇసుమంత ఊగినా గురి నిలువది, వదిలెయ్. బ్యారెల్ వెనుక మూతికి చుట్టు ఒక చిన్న రబ్బరు రింగు ఉంటది. అది చిట్లలేదు గద, చూడు. గాలి లీకయ్యేది ఎక్కువ అక్కడనే. దుకాణంల ఒక పెల్లెట్ కొట్టేటప్పుడు ఆ కీలు మీద పలచటి కాగితం పీలిక పెట్టు. కాగితం ఎగిరితే సీల్ పనిచేస్తలేదు.

రెండోది పిస్టన్ వాషరు, అంటే లోపల గాలిని నొక్కే పిస్టన్ తలకు ఉండే సీల్. పాత రకాలల్ల తోలు ఉండేది, ఇప్పుడు సింథటిక్. తోలుది ఎండిపోతే జోరు పోతది, అప్పుడప్పుడు నూనె అడుగుతది. కొత్తగ కొంటే సింథటిక్‌దే కొను.

మూడోది గొట్టంల గాడులు. బ్యారెల్ విరిచి, ఎనుక నుంచి ఎలుతురు దిక్కు పెట్టి చూస్తే మెలి తిరిగిన గాడులు కనబడాలె. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరలల్ల బుగ్గలు కొట్టిచ్చే తుపాకులు ఉంటయి చూడు, వాటిల్ల చానా వాటికి గాడులు అరిగిపోయి ఉంటయి, కొన్నిటికి ఉండనే ఉండవు. బుగ్గకు అది చాలు. రెండు సెంటీమీటర్ల తలకాయకు చాలది.

నాలుగోది ట్రిగ్గర్. రెండు దశలల్ల రావాలె: మొదట ఖాళీగ కొంచెం జరిగి, ఒక గోడకు ఆనినట్టు ఆగి, అక్కడ నుంచి కొంచెం ఒత్తుతనే పేలాలె. ఎంత గుంజినా ఎప్పుడు పేలుతదో తెల్వని ట్రిగ్గర్‌తోని గురి కుదరది.

ఐదోది: 11 మిల్లీమీటర్ల స్కోపు పట్టా, దాని చివర స్కోపు మౌంటును (స్కోపును తుపాకికి పట్టే బిగింపును) ఆపే గుంత గాని పిన్ను గాని ఉందా? లేకపోతే పది దెబ్బలకే స్కోపు ఎనుకకు జారుతది.

పెల్లెట్ లేకుండ ఖాళీగ మాత్రం కొట్టి చూడకు, దుకాణపోళ్లను కూడ కొట్టనీయకు. ముందట పెల్లెట్ అడ్డం లేకపోతే గాలి దిండు ఏర్పడది, పిస్టన్ పోయి ఇనుముకు గుద్దుకుంటది. వాషరు చితుకుతది, స్ప్రింగు ఇరుగుతది.

కందనూలు_లెక్క
వెయ్యి ఎఫ్‌పీఎస్ అనేది డబ్బా మీద రాసుకునే అంకె. అల్యూమినియం లాంటి తేలిక పెల్లెట్ వేస్తే వేగం పెరుగుతుంది, శక్తి పెరగదు. లెక్క ఇది: పెల్లెట్ బరువు గ్రెయిన్లలో × వేగం ఎఫ్‌పీఎస్‌లో × మళ్లీ అదే వేగం, దాన్ని 450240తో భాగించండి. వచ్చేది ఫుట్‌పౌండ్లలో శక్తి. 1.356తో గుణిస్తే జౌల్స్.

5 గ్రెయిన్ల తేలిక పెల్లెట్ 1000 వేగంతో పోతే 11 ఫుట్‌పౌండ్లు, 15 జౌల్స్. వినడానికి బాగానే ఉంది. కాని ఆ వేగం శబ్ద వేగం అంచుకు దగ్గర, అక్కడ పెల్లెట్ ఊగుతుంది, గురి చెదురుతుంది. తేలికది కాబట్టి జోరు కూడా తొందరగా పోతుంది. మామూలు సీసం పెల్లెట్ 8.44 గ్రెయిన్లు, అంటే 0.547 గ్రాములు. అది సెకనుకు 210 మీటర్లతో (690 ఎఫ్‌పీఎస్) పోతే 12 జౌల్స్. 15 మీటర్ల లోపు పందికొక్కు తలకు 10 నుంచి 12 జౌల్స్ చాలు. అదే పెల్లెట్ 20 జౌల్స్ తాకాలంటే సెకనుకు 270 మీటర్లు పోవాలి. డబ్బా మీద వెయ్యి చూసి హద్దు దాటిందని భయపడక్కర్లేదు, జోరెక్కువని మురవక్కర్లేదు.

జోరు ఎక్కువైన స్ప్రింగు తుపాకీకి ఇంకో గొడవ: బరువు, కుదుపు, ఎక్కించడానికి కష్టం. పది దెబ్బలకే చెయ్యి వణుకుతుంది. మధ్యస్థపు జోరు, తక్కువ కుదుపు ఉన్నదే ఎక్కువ పందికొక్కులను పడగొడుతుంది.

వేగం కొలిచే యంత్రం లేకపోతే ఫోన్ చాలు. ఇసుక బస్తా మీద పలచటి రేకు ముక్క కట్టండి. తుపాకీ మూతి నుంచి దానికి సరిగ్గా 10 మీటర్లు టేపుతో కొలవండి. ఫోన్ మూతి పక్కన పెట్టి శబ్దం రికార్డు చేసి కొట్టండి. శబ్దాన్ని ఏదైనా ఆడియో ఎడిటర్‌లో తెరిస్తే రెండు ముళ్లు కనబడతాయి: పేలిన చప్పుడు, రేకు చప్పుడు. మధ్య ఎడం 0.079 సెకన్లు అనుకోండి. రేకు చప్పుడు మీ దాకా రావడానికి 10 మీటర్లకు 0.029 సెకన్లు పడుతుంది, అది తీసేయండి. మిగిలింది 0.050. పదిని దానితో భాగిస్తే సెకనుకు 200 మీటర్లు. శక్తి సుమారు 11 జౌల్స్. ఇది దారి మొత్తం సగటు, మూతి దగ్గర ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. అయిదు దెబ్బలు కొట్టి సగటు తీయండి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆరు నెలలకు మళ్లీ కొలిస్తే స్ప్రింగు, వాషరు ఎట్లున్నాయో అదే చెప్తుంది.

బత్తాయితోట
లెక్కలు బాగున్నయి గని, ఎడమకాల్వ తమ్ముని పెరట్ల అసలు ప్రమాదం ఎవ్వరు అడుగుతలేరు. తాండూరు బండలు! సీసం పెల్లెట్ బండకు ఏటవాలుగ తగిలితే చపాతై లేచిపోతది, ఎటు పోతదో తెల్వది. పడమరకు ముళ్లకంచె అంటుండు, అవతల వాకిలంటుండు. కంచె ఆపదు. ఎత్తుకు కొట్టిన పెల్లెట్ వందల మీటర్లు పోతది. కంటికి తగిలితే కన్ను పోయినట్టే, చిన్నపిల్లగానికి తగిలితే పానమే పోవచ్చు. ఆటవస్తువు అనే మాట ఎవ్వరన్నా అంటే ఒప్పుకోవద్దు.

చెయ్యవలసింది: ముందుగాల కొట్టే చోటు ఖాయం చేసుకో. పందికొక్కు ఎక్కడ కనబడితే అక్కడ కొట్టుడు కాదు, నువ్వు ఖాయం చేసిన జాగకే దాన్ని రప్పించుకోవాలె. నీ కొలతలను బట్టి తూర్పు ఇటుక గోడ కింద, మట్టి నేల మీద ఒక జాగ. గోడకు ముందట మూడు గోనె సంచులల్ల ఇసుక నింపి, ఒకదాని మీద ఒకటి పేర్చు. ఇసుక మందం జానెడున్నర తక్కువ కావొద్దు. జల్లెడ పట్టిన ఇసుకే నింపు, గులకరాయి ఉంటే అది మళ్ల బండ లెక్కనే. నువ్వు ఎదురుంగ పడమర దిక్కు కుర్చీల కూసుంటే నీ ఎనుక పక్కోళ్ల వాకిలి పడుతది, ముందట ఇసుక పడుతది. మెట్ల మీద కూసొని కిందికి కొడితే ఇంకా నయం, తప్పిన పెల్లెట్ మట్టిల దిగుతది.

గోడ మీద నడిచే ఎలుకను కొట్టొద్దు, దాని ఎనుక ఆకాశమే ఉంటది. రేకుల షెడ్డు దూలం మీద ఉన్నదాన్ని కొట్టొద్దు, రేకుకు చిల్లి. గడ్డివాముల కొట్టొద్దు. కుక్కను కట్టెయ్, కోళ్ల గూడు తలుపెయ్, ఇంట్లోళ్లకు చెప్పు. కంటద్దాలు పెట్టుకో. బండి మీద పెట్టుకునే చలువద్దాలు కాదు, వెల్డింగు, గ్రైండింగు చేసేటోళ్లు పెట్టుకునే తెల్ల పాలీకార్బొనేట్ అద్దాలు.

రూల్‌బుక్
బత్తాయితోట చెప్పిందానికి తోక: పక్కింటివాళ్లకు ముందే చెప్పి పెట్టండి. రాత్రి పూట గోడ దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషి కనబడితే వాళ్లు 100కు ఫోన్ చేయడం తప్పు కాదు.

ఎడమకాల్వ
ఇసుక సంచులు సరే, ఇసుక మా ఊళ్లె అగ్గువనే. స్కోపు సంగతి చెప్పుండ్రి. పందికొక్కులు చీకటి పడ్డంకనే బయటికొస్తున్నయి.

గురిచూసి
15 మీటర్లలో పగలైతే తుపాకీ మీద ఉన్న ఇనుప గురే చాలు. చీకట్లో ఆ గురి కనబడదు. అప్పుడు స్కోపు కావాలి, దానికి టార్చి కావాలి.

స్కోపులో తప్పు కొనేవాళ్లే ఎక్కువ. పెద్ద తుపాకుల స్కోపులు 100 గజాల దూరానికి సరిచేసి వస్తాయి. 10 మీటర్లలో చూస్తే మసక, కన్ను కొంచెం జరిగితే గురి కూడా జరుగుతుంది. ముందు అద్దం దగ్గర తిప్పే రింగు ఉండి, 10 గజాల దాకా సరిచేసుకునేది చూడండి. దొరక్కపోతే ఎయిర్‌గన్ కోసమే అని రాసి ఉన్న 4×32 (4 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 32 మిల్లీమీటర్లు) చాలు. జూమ్ ఎక్కువ వద్దు. రాత్రి 9 రెట్లలో పందికొక్కు ఎటుందో వెతకడానికే సరిపోతుంది, 4 రెట్లలో ఉంచండి.

స్ప్రింగు తుపాకీ కుదుపు రెండు దిక్కులా ఉంటుంది. పిస్టన్ కదలగానే తుపాకీ వెనక్కి, పిస్టన్ ఆగగానే ముందుకు. ఆ ముందుకొచ్చే దెబ్బకు చవక స్కోపులో అడ్డగీతలు తెగిపోతాయి. వేరు వేరు రెండు రింగుల కన్నా ఒకే ముక్క మౌంటు తీసుకోండి. మౌంటు స్క్రూలకు నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, అటొకటి ఇటొకటి మార్చి మార్చి బిగించండి.

ఇప్పుడు జీరో, అంటే ఒక దూరానికి స్కోపు గురి మీదే పెల్లెట్ పడేలా సరిచేయడం. స్కోపు మధ్య నుంచి గొట్టం మధ్యకు 4.5 సెంటీమీటర్లు, 8.44 గ్రెయిన్ల పెల్లెట్, సెకనుకు 210 మీటర్ల వేగం అనుకుని చెప్తున్నా. 20 మీటర్లకు జీరో చేస్తే 15 మీటర్ల దగ్గర కూడా దాదాపు గురి మీదే పడుతుంది. 10 మీటర్లకు ఒక సెంటీమీటరు కింద. 5 మీటర్లకు రెండున్నర సెంటీమీటర్లు కింద. 30 మీటర్లకు మళ్లీ రెండు సెంటీమీటర్లు కింద. దగ్గరికి కొట్టేటప్పుడు కింద పడడం చాలామందికి వింతగా ఉంటుంది, "తుపాకీ పాడైంది" అంటారు. స్కోపు గొట్టం కన్నా పైన ఉంది కాబట్టి అట్లా పడుతుంది, పెల్లెట్ ఇంకా గీత దాకా ఎక్కలేదు. మీరు ఖాయం చేసిన జాగ 12 మీటర్లైతే సరిగ్గా 12కే జీరో చేసుకోండి, లెక్కల బాధే ఉండదు.

పట్టుకునే పద్ధతి: తుపాకీని గట్టిగా బిగించి పట్టకండి, గోడ మీద గాని ఇసుక సంచి మీద గాని నేరుగా ఆనించకండి. ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద తుపాకీ ఊరికే ఒరగనివ్వండి, ఆ చేతిని సంచి మీద ఆనించండి. భుజానికి తాకీ తాకనట్టు. తుపాకీ ప్రతిసారి ఒకే తీరుగా ఎగరాలి, అదే రహస్యం. గట్టిగా బిగిస్తే ఒక్కో దెబ్బకు ఒక్కో తీరు ఎగురుతుంది.

టార్చికి ఎర్ర వెలుతురు. ఎలుక జాతికి ఎరుపు సరిగా కనబడదు. తెల్ల లైటు వేస్తే బొక్కలోకి దూకుతుంది.

పల్లిచేను
పెల్లెట్ల గురించి ఎవ్వరు చెప్పలేదు. డబ్బా ధర చూసి కొనకండి. మూతులు వంకర పోయినయి, సైజు తేడా ఉన్నయి చవక డబ్బలల్ల చానా ఉంటయి. ఎనుక పలచటి పావడ లెక్క ఉంటది చూడు, అదే గాడులకు అతుకుతది. అది నొక్కుకుపోతే గాలి పక్కనుంచి పోతది, పెల్లెట్ ఎటో పోతది. తెల్ల కాగితం మీద పోసి, వంకరయి ఏరి పారెయ్.

ఏ తుపాకికి ఏ పెల్లెట్ పడుతదో కొట్టి చూస్తెనే తెలుస్తది. రెండు తుపాకులు ఒకటే మోడలైనా ఒకదానికి పడ్డది ఇంకోదానికి పడది. మూడు రకాల డబ్బలు కొను. 8 గ్రెయిన్ల అటు ఇటు ఉన్న గుండ్రటి మూతిది ఒకటి, మూతి చదునుగ ఉన్నది ఒకటి, కొంచెం బరువు గుండ్రటిది ఒకటి. చదును మూతిది 15 మీటర్ల లోపు మంచి దెబ్బ కొడుతది, కాగితం మీద కూడ గుండ్రటి బొక్క పడుతది కాబట్టి గురి చూసుకొనుడు సులువు. దూరం పోతే తప్పుతది. సూది మూతిది కొనకు, దిగబడుతది అంటరు గాని గురి ఉండది.

కొత్త తుపాకికి మొదటి 200 దెబ్బల దాక ఏది నిర్ణయం చెయ్యకు. లోపలి నూనె కాలుతది, పొగొస్తది, గురి తిరుగుతది. అవి అయినంక ఒక్కో రకం పది దెబ్బలు 12 మీటర్ల నుంచి కాగితం మీద కొట్టు. పది రంధ్రాలు రెండు సెంటీమీటర్ల గీతల పడితే ఆ డబ్బ నీది. పడకపోతే పందికొక్కు మీద కొట్టే హక్కు నీకింక రాలేదన్నట్టు.

కోళ్లగూడు
నేను పక్కా వ్యతిరేకిని ఈ చర్చల. పెరట్ల ఐదారు బొక్కలకు మించి ఉంటే ఎయిర్‌గన్‌తోని ఒడవది. ఒకటి పడంగనే మిగిలినయి రెండు మూడు రాత్రులు బయటికి రావు. అన్ని డబ్బులు పెట్టి ఎన్నిటిని కొడుతవు? వడ్ల బస్తాలు నేల మీద కాకుండ అడుగు ఎత్తు బల్ల మీద, గోడకు జానెడు ఎడంగ పెట్టు. కోళ్ల దాణ రాత్రి గూట్ల మిగలనీయకు, మూత ఉన్న డ్రమ్ముల పెట్టు. గూడు కింద సన్న జాలి భూమిలకు అడుగున్నర దింపు. తిండి లేకుంటే అవే పోతయి.

స్ప్రింగువాషర్
కోళ్లగూడు చెప్పింది నూటికి నూరు నిజం, నేను కాదంటలేను. తిండి ఆపుడు మొదటి పని. కాని తిండి ఆపినంక కూడ రెండు మూడు ముసలి పందికొక్కులు మిగులుతయి, బోను ఎరిగినయి. వాటికే ఈ తుపాకి. వంద ఎలుకల పనిని దానికి అప్పజెప్పితే అన్యాయం.

కోళ్లగూడు
అట్లంటే సరే. ఇంకొకటి, జెర్రిపోతు కనబడితే తరమకు. రాత్రి షెడ్డు మీద గుడ్లగూబ కూసుంటే అపశకునం అని రాయి ఎయ్యకు. నీకన్న మంచి గురి వాటిది.

బత్తాయితోట
రప్పించుకునే పద్ధతి రాస్త. పందికొక్కు కొత్త వస్తువును చూసి భయపడుతది. ఇసుక సంచులు పెట్టిన రోజే తుపాకి పట్టుకొని కూసుంటే లాభం లేదు. సంచులు పెట్టు, ఎర్ర లైటు కూడ అదే జాగల రోజూ పొద్దుగూకంగనే వెలిగియ్యి. మూడు నాలుగు రాత్రులు ఊకెనే ఎర పెట్టు, కొట్టకు. వేయించిన పల్లీలు దంచి, కొంచెం బెల్లం, రెండు చుక్కల పల్లినూనె కలిపి ముద్ద చెయ్. గింజలు చల్లకు, చల్లితే నోట్ల పెట్టుకొని ఉరుకుతది. ఒక మొద్దుకు బొటనవేలు పట్టేంత గుంత తొలిచి, ముద్దను అండ్ల గట్టిగ కూరు. అది నాకాలె, గోకాలె, అక్కడ నిలవాలె. మొద్దు సంచులకు ముందట రెండడుగుల దూరంల.

మిగిలిన తిండి అంత మూసేసి ఉండాలె, లేకపోతే నీ ముద్ద దిక్కు చూడది.

కొట్టేది తల మీదనే. పక్క నుంచి చూస్తే కంటికి చెవికి నడుమ. రెండు సెంటీమీటర్ల జాగ. పొట్టల తగిలితే బొక్కలకు పోయి అక్కడ చస్తది, వారం దినాలు వాసన. అది జంతువుకు కూడ నరకం. కదులుతున్నదాన్ని కొట్టకు. నీ దిక్కు చూస్తున్నదాన్ని కూడ ఆగు, పక్కకు తిరిగినంక కొట్టు. అనుమానం ఉంటే ఆ రాత్రి వదిలెయ్. పడ్డంక వెంటనే దగ్గరికి పోకు, ఇంకో పెల్లెట్ ఎక్కించి ఒక నిమిషం చూడు.

ఎడమకాల్వ
పడ్డదాన్ని కుక్కకు వేస్తే?

బత్తాయితోట
వద్దు వద్దు. సీసం ముక్కలు ఒంట్ల ఉంటయి. కుక్కకు, కోళ్లకు, గద్దకు అందరాదు. చేతికి రబ్బరు తొడుగు లేకపోతే ప్లాస్టిక్ సంచి తొడుక్కొని ఎత్తు. ఎలుక మూత్రంతోని లెప్టోస్పైరోసిస్ అనే రోగం వస్తది, వానాకాలం ఇంకా ఎక్కువ. రెండడుగుల గుంత తీసి పూడ్చు, పైన సున్నం చల్లు. పెల్లెట్లు ముట్టిన చేతితోని బువ్వ తినకు, సబ్బు పెట్టి కడుక్కో. పెల్లెట్లు నోట్ల పెట్టుకొని ఒక్కొక్కటి తీసి ఎక్కించే అలవాటు చానామందికి ఉంది, అది సీసం తినుడే.

స్ప్రింగువాషర్
సంరక్షణ నాలుగు మాటల్ల. వంద దెబ్బలకొకసారి చెక్కను పట్టే స్క్రూలు చూడు: ముందట రెండు పక్కల, ట్రిగ్గర్ గార్డు కాడ. "నిన్నటి దాక మంచిగ కొట్టింది, ఇయ్యాల చెదురుతుంది" అనేటోళ్లల్ల సగం మందికి ఆ స్క్రూలే వదులైనయి.

గాలి గదిల కొబ్బరినూనె, మిషను నూనె, డబ్ల్యూడీ-40 ఏది పొయ్యకు. పిస్టన్ ఒత్తిడికి లోపల వేడి పుడుతది, నూనె డీజిలు ఇంజన్ల లెక్క అంటుకుంటది. ఠాం అని మోత, పొగ, కాలిన వాసన. వాషరు కాలిపోతది, స్ప్రింగు ఇరుగుతది. బయట ఇనుముకు మాత్రం వానాకాలం నూనె గుడ్డతోని తుడువు. తడి షెడ్డుల పెట్టకు, రేకుల కింద ఎండ వేడిల కూడ పెట్టకు.

పెల్లెట్ ఎక్కించేటప్పుడు రెండో చెయ్యి బ్యారెల్‌ను పట్టుకొనే ఉండాలె. ట్రిగ్గర్ జారిందంటే బ్యారెల్ కొరడా లెక్క మూసుకుంటది, వేలు నలుగుతది, ఒక్కోసారి తెగుతది. పని అయినంక ఎక్కించి వదిలెయ్యకు, ఇసుక సంచిలకు కొట్టి ఖాళీ చెయ్. తుపాకి ఒక బీరువల, పెల్లెట్ల డబ్బ వేరే జాగల తాళం వేసి పెట్టు.

ఎడమకాల్వ
అందరికి దండాలు. గ్యాసుదే తీసుకుంట, కాపు కాసేటప్పుడు ఎక్కించి కూసోవచ్చు గద. స్కోపు 4×32, ఒకటే ముక్క మౌంటు. ముందుగాల వడ్ల బస్తాలకు బల్ల చేయిస్త. ఒక్కటే అనుమానం: నా జాగ టేపుతోని కొలిస్తే 11 మీటర్లు వచ్చింది. 11కే జీరో చేసుకుంటే మూల గూటి కాడ, 6 మీటర్లకు ఎంత కింద పడుతది?

గురిచూసి
ఆ స్కోపు ఎత్తు, ఆ వేగం అనుకుంటే సుమారు 1.7 సెంటీమీటర్లు. కాని గూటి దగ్గర ఇసుక లేదు కదా, అక్కడ కొట్టొద్దు.